బొమ్మలగుట్ట బసది

కాన్వెంటు అనగానే మన పట్టణములలో టై కట్టుకొని, బూట్లు తొడుగుకొని, ఇంగ్లీషు పాఠములు వల్లించు పిల్లలు జ్ఞప్తికి వత్తురు. ఆ మాటకు బడి అను అర్థము మన దేశమున ఏర్పడినది. ఐరోపాలో కాన్వెంటు అనగా సన్న్యాసినులు కూడి నివసించు మఠము. ఆ సన్న్యాసినులు ఇచ్చటికి వచ్చి ఆడపిల్లలకు చదువు చెప్పుటచేత మఠము పేరు బడికి అంటుకొన్నది. తరువాత మఠముతో ఏ సంబంధమును లేని బడులు గూడ ఆ పేరు తగిలించుకొనినవి.

ఇట్లే ఇల్లు మారిన మాట మరొకటి మన యొద్దనే ఉన్నది. వసతి. చదువుకొను పిల్లలుండు చోటును వసతి గృహమనుచున్నాము. ప్రయాణమై పోయినచోట వసతి దొరకినదా అని అడుగుచున్నాము. వేయి సంవత్సరముల క్రిందట జైనులు తమ దేవాలయమును, దానితో కూడిన మునుల నివాసమును వసతి అనిరి. అదియే కన్నడమున బసది యైనది. జైన సంఘమునకు నాలుగు అంగములు: మునులు, ఆర్యికలు, శ్రావకులు, శ్రావికలు. ఆర్యికలనగా సన్న్యసించిన స్త్రీలు. మునికైనను ఆర్యికకైనను ఊరూర తిరుగుటయే ధర్మము. వానకాలమున మాత్రము, పురుగు పుట్రలను త్రొక్కకుండుటకై, నాలుగు మాసములు ఒకచోట ఆగవలెను. కాబట్టి గృహస్థుడు వారికి నీడ చూపవలసి వచ్చినది. ఆ నీడయే వసతి. మధ్యయుగమున అది బలపడి, భూములు, గ్రామములు గల సంస్థయైనది.

అట్టి వసతి యొకటి కరీంనగరు సీమలో ఎట్లుండెనో నేడు వివరించుటకు యత్నించెదను. ముందే చెప్పవలసిన మాట యొకటి కలదు. మనము చూడబోవు బసదికి నేడు గోడలు లేవు, కప్పు లేదు. దానిని కట్టించినవాని మాట మాత్రము రాతిమీద నిలిచియున్నది.

కరీంనగరునుండి జగిత్యాల పోవు దారిలో, గంగాధర మండలమున, కురిక్యాల అను గ్రామము కలదు. దాని చేరువ గుట్టను జనులు బొమ్మలగుట్ట అందురు. బొమ్మలమ్మ గుట్ట అనుటయు కలదు. ఉత్తర తెలంగాణమున ఇట్టి గుట్టలు లెక్కకు మిక్కిలి. గుండు మీద గుండు పేర్చినట్లుండి, నడుమ తుప్పలు, అక్కడక్కడ నీరు నిలుచు దొనలు. బాటసారి కన్ను ఆగదు. కాని ఈ గుట్ట రాతి ముఖమున జైన తీర్థంకరుల ప్రతిమలును, చక్రేశ్వరీ దేవి ప్రతిమయు చెక్కబడియున్నవి. చక్రేశ్వరి ఆదితీర్థంకరుడగు వృషభనాథుని శాసనదేవత. ఎనిమిది చేతులు, చక్రములు, వాహనముగా గరుత్మంతుడు. మన పల్లెవారి కన్నులకు ఆమె వైష్ణవ దేవతవలెను, గ్రామదేవతవలెను కూడ కనిపించును. బొమ్మలమ్మ అను పేరు ఆమెకే వచ్చినదని నా యూహ. జైనము పోయినను అమ్మ మిగిలినది.

ఆ బొమ్మల క్రింద ఒక శాసనము ఉన్నది. పదునొకండు పంక్తులు మాత్రమే; భాషలు మూడు: సంస్కృతము, కన్నడము, తెలుగు. కాలము సుమారు క్రీ. శ. 945. వేయించినవాడు జినవల్లభుడు. ఇతడు కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. పంపని కుటుంబము వేంగీ దేశపు కమ్మనాటిది, విప్రవంశము, జైనమతము. పంపడు వేములవాడ చాళుక్యరాజగు రెండవ అరికేసరి ఆస్థానమున ఉండి, 941లో ఆదిపురాణమును, తరువాత విక్రమార్జున విజయమును రచించినాడు. రాజు మెచ్చి ధర్మపురమను అగ్రహారమును ఇచ్చినాడు. అన్న కావ్యము వ్రాసినాడు. తమ్ముడు గుట్టమీద పని చేయించినాడు.

ఏమేమి చేయించెనో శాసనము చెప్పుచున్నది. ఈ గుట్టకు అందు వృషభగిరి అని పేరు. ఇందలి సిద్ధశిల మీద మొదటి తీర్థంకరుని, చివరి తీర్థంకరుని బింబములను, చక్రేశ్వరిని, ఇతర జినప్రతిమలను చెక్కించెను. త్రిభువనతిలకమను బసదిని కట్టించెను. కవితాగుణార్ణవమను చెరువు త్రవ్వించెను. మదనవిలాసమను వనము వేయించెను. చెరువు పేరు వినగానే సాహిత్యము తెలిసినవారు చిరునవ్వు నవ్వుదురు, ఏలయన కవితాగుణార్ణవుడను బిరుదము పంపనిది. అన్న బిరుదమును తమ్ముడు చెరువునకు పెట్టినాడు. కవికి ఇంతకంటె చల్లని స్మారకము నేనెరుగను.

బింబము, ఇల్లు, నీరు, చెట్టు. మునుల నివాసమునకు కావలసిన సామగ్రి ఇంతే. శాసనములోని తెలుగు పద్యములు మూడును కందములు. అందొక పద్యమున జినవల్లభుని పుణ్యకార్యములను లెక్కించునపుడు, జినభవనములెత్తించుట, జినపూజ చేయుట అను వాని తరువాత జినమునులకు అన్నదానము గూడ చెప్పబడినది. అన్నము పెట్టు ఏర్పాటు ఉన్నచోట తినువారును ఉందురు గదా. బొమ్మలగుట్ట కేవలము చూచిపోవు తీర్థము గాదు, మునులు వచ్చి నిలిచిన తావు అని నేను భావించుటకు ఆ మాటయే ఆధారము.

ఆ కందపద్యములు నన్నయకు నూరేండ్ల ముందటివి. తెలుగున మనకు దొరకిన కందములలో ఇవియే మొదటివి. 2008లో భారత ప్రభుత్వము తెలుగును ప్రాచీన భాషగా గుర్తించిన సందర్భమున భాష ప్రాచీనతను గురించి జరిగిన చర్చలలో ఈ గుట్ట పేరు గట్టిగా వినబడినది. అంతవరకు అది గొర్రెల కాపరులకు, కొందరు శాసన పరిశోధకులకు మాత్రము తెలిసిన చోటు.

గుట్ట దిగి గంగాధరకు పోవుదము. దూరము కొలదియే. 959వ సంవత్సరమున, శక వర్షము 881, సిద్ధార్థి నామ సంవత్సర చైత్రమాసమున, మదన త్రయోదశి నాడు, గంగాధర అను పట్టణమున సోమదేవసూరి అను జైనముని యశస్తిలక చంపువును పూర్తిచేసినాడు. అది అరికేసరి కుమారుడగు వాగరాజు ఏలుబడి. ఆ గంగాధర ఈ గంగాధరయే అని పరిశోధకులు పలువురు నిర్ణయించినారు.

ఆ గ్రంథపు కథలో ఆర్యికల విషయము కొంత కలదు గనుక ఒక్క మాట. మారిదత్తుడను రాజు చండమారి దేవతకు అన్ని జాతుల ప్రాణులను జంటలు జంటలుగా బలి ఇయ్యదలచును. మనుష్యుల జంట కూడ కావలెను. భటులు వెదకి, భిక్షకు బయలుదేరిన ఇద్దరు పడుచు సన్న్యాసులను పట్టితెత్తురు. ఒకడు అన్న, ఒకతె చెల్లెలు. ఇద్దరును దీక్ష మొదటి మెట్టు మీద ఉన్నవారు. బలిపీఠము ముందు నిలిచి, ఆ అన్న తమ పూర్వజన్మల కథ చెప్పును. యశోధరుడను రాజు తల్లి మాట త్రోయలేక నిజమైన కోడికి బదులు పిండికోడిని కోసినాడు. ఆ పిండికోడిని కోసిన పాపమునకే తల్లీకొడుకులు పశుపక్షి జన్మలు పెక్కు ఎత్తి, చంపుటయు చచ్చుటయు అనుభవించినారు. వినువాడు కత్తి పట్టిన రాజు. కథ ముగియునప్పటికి కత్తి జారును. యాటలు, కోళ్లు లేని జాతర నేటికిని అరుదైన మన సీమలో కూర్చుండి ఒక ముని ఈ కథ వ్రాసెననుట నాకు ఎన్నడును సామాన్యముగ తోచదు.

ఈ సోమదేవుని పేరు మరల ఒక రాగిశాసనమున కనబడును. మహారాష్ట్రమున పర్భణీలో దొరకినందున దానిని పర్భణీ తామ్రశాసనమందురు. సంవత్సరము 966. మూడవ అరికేసరి తన తండ్రి బద్దెగడు లేంబుళపాటకమున, అనగా వేములవాడలో, కట్టించిన శుభధామ జినాలయమునకై సోమదేవునికి సబ్బినాటిలోని వనికటుపులు అను గ్రామమును దానమిచ్చినాడు. సబ్బినాడు కరీంనగరు సీమకు పాత పేరు. శాసనము ఆ జినాలయమును వసతి అనియే పేర్కొనుచున్నది.

గ్రామమును దేనికి ఇచ్చిరి? ఇచ్చట నేను కొంచెము నిలువదలచితిని. పూజా నైవేద్యములకు అని ఉండుట సహజము. దానితోపాటు ఖండస్ఫుటిత నవసుధాకర్మ అను మాట ఉన్నది. ఖండమనగా విరిగినది, స్ఫుటితమనగా బీటవారినది, నవసుధాకర్మ యనగా క్రొత్తగా సున్నపు పని చేయుట. తండ్రి కట్టించిన ఆలయము. కొడుకు నాటికే మరమ్మతునకు గ్రామము వ్రాసి ఇచ్చుచున్నాడు. కట్టడమును అందముగ కట్టుట మాత్రమే వాస్తుశిల్పమనుకొనువారు ఈ పంక్తిని చదువవలెను. గోడ కట్టిన దినమే బీట బయలుదేరునని ఆ రాజోద్యోగులకు తెలియును. వాన కురియును, రావిమొక్క మొలచును, సున్నము పెచ్చులూడును. ఏటేట కూలి ఇచ్చి, సున్నము కాల్చి, పూయించువాడు ఉన్నన్ని దినములు ఆలయముండును.

వేములవాడ చాళుక్యుల అధికారము ఆ పదవ శతాబ్ది చివరి పాదమున అణగిపోయినది. వారి ప్రభువులగు రాష్ట్రకూటుల రాజ్యము 973లోనే కూలినది. గ్రామమిచ్చిన వంశము పోయిన తరువాత ఆ పైరు ఎవరి గాదెకు పోయినదో, సున్నము పూయు కూలి ఎప్పుడు నిలిచిపోయినదో! క్రమముగ శైవము ప్రబలినది. వేములవాడ నేడు రాజరాజేశ్వరుని క్షేత్రము. కోడెలను కట్టి మ్రొక్కు చెల్లించుకొను భక్తులతో నిత్యము క్రిక్కిరిసియుండును. శుభధామ జినాలయము ఏ గోడ వెనుక, ఏ తిన్నె క్రింద అణగియున్నదో చూపువారు లేరు. ఊరిలో దొరకిన జైన విగ్రహములు మాత్రము సాక్ష్యముగ ఉన్నవి. అయినను ఆ కాలపు కట్టుబడి తీరు తెలియగోరువారు భీమేశ్వరాలయమునకు పోవలెను. మొదటి బద్దెగడు కట్టించిన బద్దెగేశ్వరము అదియే అందురు. దిట్టమైన కంబములు, వాని మీద దూలములు, దూలముల మీద పరచిన రాతి బల్లలు. కమాను లేదు. బరువంతయు నిట్టనిలువుగ నేలకు దిగును. శుభధామమును, త్రిభువనతిలకమును ఇంచుమించుగ ఈ తీరుననే ఉండియుండవలెను.

ఉత్తరముగ ఆదిలాబాదు వైపు పోయిన జైనథ్ అను ఊరు తగులును. పేరు వినగానే ఇది జైనుల మఠమే అని తీర్మానించుటకు మనసు త్వరపడును. కాని అచ్చటి శాసనము పరమార జగద్దేవుని కాలపు సూర్యాలయమును చెప్పుచున్నది. నేడు అచ్చట పూజలందుకొనువాడు లక్ష్మీనారాయణుడు. ఊరి పేరును బట్టి మతమును తేల్చరాదు.

ఇక నేను చెప్పిన కాన్వెంటు మాటకు మరల వత్తును. సోమదేవుడు గంగాధరలో గ్రంథము ముగించిన ఆ 959 ప్రాంతముననే, జర్మనీ దేశమున, హార్జ్ కొండల అంచున, గెర్న్‌రోడె అను చోట ఒక సన్న్యాసినీ మఠము పుట్టినది. స్థాపించినవాడు గెరో అను సరిహద్దు సేనాని. యుద్ధములలో కరకువాడని పేరు. కొడుకులు తనకు ముందే పోయిరి. కోడలు హతుయి చిన్నతనముననే విధవ యైనది. ముసలివాడు తన ఆస్తిని మఠమునకు వ్రాసి, ఆ కోడలినే తొలి అధిపురాలిగా నిలిపి, 965లో మరణించినాడు. ఆమె 1014 వరకు, ఏబది సంవత్సరములకు మించి, ఆ మఠమును నడిపినది. విధవరాలికి ఒక మూల గది చూపుటకు బదులు ఒక సంస్థను అప్పగించిన మామ! ఈ సంగతి మన ఇండ్లలో చెప్పుకొనదగినది.

సెయింట్ సిరియాకుస్ పేర వెలసిన ఆ మఠపు గుడి నేటికిని నిలిచియున్నది. కళాచరిత్రకారులు దానిని రోమనెస్కు శైలికి తొలి మెట్టుగ లెక్కింతురు. రోమనెస్కు అనగా రోమకుల తీరు వంటిది అని అర్థము; 19వ శతాబ్ది పండితులు పెట్టిన పేరు. లక్షణములు సులభముగ పోల్చుకొనవచ్చును: బలిసిన రాతి గోడలు, చిన్న కిటికీలు, అర్ధవర్తులాకారపు కమానులు. గెర్న్‌రోడె గుడిలోనికి ప్రవేశించినవారికి నడిమి శాల ఇరువైపుల నలుపలకల దిమ్మె, గుండ్రని కంబము, మరల దిమ్మె అను వరుస కానవచ్చును. వాని మీద చిన్న కమానులతో మేడవసారా. పైన కొయ్య కప్పు. తూర్పున అర్ధచంద్రాకారపు గర్భాలయము, దాని క్రింద నేలమాళిగ. పడమట రెండు గుండ్రని బురుజులు. లోపల చీకటి ఎక్కువ, వెలుగు తక్కువ. ఆ తక్కువ వెలుగే కన్నును గర్భాలయము వైపునకు త్రిప్పును. మన గుడులలో దీపము చేయు పని ఇది.

ఆ గుడి ప్రక్కన కమానుల వసారా గల ముంగిలి యొకటి. సన్న్యాసినులు నడచుచు జపము చేసికొనుటకు అట్టి ముంగిలి ప్రతి మఠమునను ఉండెడిది. నడుమ పచ్చిక, పెక్కు చోట్ల బావియు. చలి దేశము గనుక వారు నీటిని, చెట్టును నాలుగు గోడల నడుమ పెట్టుకొనిరి. ఎండ దేశము గనుక జినవల్లభుడు గుట్టను గుట్టగనే విడిచి, చెరువును, వనమును ఆరుబయట అమర్చెను. కావలసినవి ఇద్దరికిని అవియే.

గెర్న్‌రోడె గుడి దానంతట అది నిలిచినదని అనుకొనరాదు. 16వ శతాబ్దిలో మతసంస్కరణ వచ్చినది. తరువాతి శతాబ్దపు తొలి సంవత్సరములలో మఠము ముగిసినది. సన్న్యాసినులు పోయిరి. కట్టడము వ్యవసాయపు పనులకు ఉపయోగపడినది. దినుసులు నిలువచేసిరి, కిటికీలను పూడ్చిరి. 1858లో ఫెర్డినాండ్ ఫాన్ క్వాస్ట్ అను శిల్పి పూనుకొని, సంవత్సరముల తరబడి బాగుచేయించినాడు. మన తామ్రశాసనము చెప్పిన ఖండస్ఫుటిత నవసుధాకర్మ ఇదియే గదా! సబ్బినాటిలో దానికై గ్రామమిచ్చినను పని ఆగిపోయినది. అచ్చట రెండు వందల ఏండ్లు ఆగిన పనిని మరల ఎత్తుకొనినారు.

కూలిన బసదిని మరల కట్టుమని నేను అనుట లేదు. దాని రూపమెవరికిని తెలియదు. ఊహించి కట్టినచో అది త్రిభువనతిలకము కాజాలదు. మిగిలినది గుట్ట. ఆ గుట్ట రాయి గ్రానైటు. కరీంనగరు గ్రానైటుకు విదేశములలో మంచి గిరాకి కలదు; మెరుగు పెట్టిన పలకలై సముద్రములు దాటిపోవుచున్నది. వేలమందికి అది బ్రతుకు తెరువు, దానిని కాదనరాదు. అయితే పేలుడు మందు పెట్టి ప్రక్క గుట్టను చీల్చిన యెడల ఆ అదురు బొమ్మలగుట్ట బండలకు తగులును. పదునొకండు పంక్తుల రాతిలో ఒక్క పెచ్చు లేచినను ఒక పద్యపాదము పోవును. ఈ భయమును చరిత్రకారులు, గ్రామస్థులు పలుమారులు వెలిబుచ్చినారు. గోడలు, గ్రామదానములు గల శుభధామము ఆనవాలు లేకపోగా, ఏ కాపలాయు లేని ఈ బండ వేయి ఏండ్లు నిలిచినది. వానకు, ఎండకు ఓర్చినది. మందుగుండునకు ఓర్వదు. గుట్టకు చుట్టు ఎంత మేర తవ్వకము కూడదో కొలిచి, రాళ్లు పాతి, ఆ మేరను కాగితముల మీదనే గాక నేల మీద కూడ నిలుపుట నేటి ఖండస్ఫుటిత కర్మ.

చూడగోరువారు ప్రొద్దుటనో, సాయంకాలమో పోవలెను. నడి ఎండలో అక్షరములు కనబడవు. వెలుగు ఏటవాలుగ పడునప్పుడు గీతల లోతు తేలును. వేసవిలో బండ కాలును, వానలో జారును. కార్తీకము మొదలు మాఘము వరకు మంచి కాలము. వెంట త్రాగునీరు ఉండవలెను. అక్షరములు తెల్లగ కనబడుటకై సుద్దముక్కతో రుద్దుట, నూనె పూయుట, రంగు వేయుట చేయరాదు. బొమ్మలకు పసుపు కుంకుమలు పెట్టదలచిన వారు బండ పాదమున పెట్టి మ్రొక్కవచ్చును. కన్నడము చదువగల మిత్రుడొకడు తోడున్న మేలు. ఆనాటికి తెలుగు కన్నడ లిపులకు భేదము స్వల్పము గనుక, ఇద్దరును చెరియొక పంక్తి పట్టుకొని కూడబలుకుకొనుచు పోవచ్చును. ఉదయమే గుట్ట ఎక్కి దిగినవారు గంగాధర మీదుగా మధ్యాహ్నమునకు వేములవాడ చేరి, భీమేశ్వరాలయపు కంబముల నీడన కూర్చుండవచ్చును.